మోరిస్ మైనరు: చేసినవారు, బాగుచేసినవారు

సికింద్రాబాదు నుండి కరీంనగరు వైపు పోవు దారి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంటలను దాటి అల్వాల్ చేరును. ఒక ప్రక్క వేంకటేశ్వరస్వామి ఆలయము చుట్టును పెరిగిన పాత గ్రామము. మరియొక ప్రక్క బొల్లారము దండు. 1798లో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని కుదిరిన సంధి ఫలితముగా ఇంగ్లీషు సేనలు హుసేన్‌సాగరునకు ఉత్తరమున విడిసినవి. 1806లో ఆ విడిదికి మూడవ నిజాము సికందర్ జా పేరు వచ్చినది. సేనలు ఉన్నచోట బంగళాలు లేచినవి. బంగళాల వెనుక గుఱ్ఱపుసాలలు వెలసినవి. ఇరువదవ శతాబ్దము తొలి దశకములలో ఆ గుఱ్ఱపుసాలలే మెల్లగా మోటారు షెడ్డులుగా మారినవి.

నేడు అల్వాల్ ప్రాంతమున అట్టి ఇండ్లు కొలదిగనే మిగిలినవి. 2007లో అల్వాల్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. మామిడిచెట్లు ఉన్నచోట అపార్టుమెంటులు లేచినవి. ఒక పాత ఇల్లు బిల్డరు చేతికి పోవునప్పుడు దాని షెడ్డులో ఏండ్ల తరబడి నిలిచియున్న పాతకారు అమ్మకమునకు వచ్చుట వింత కాదు. ఇల్లు పడగొట్టిన పిమ్మట దానికి నీడ ఎక్కడ?

నేటి మా ప్రసంగము అట్టి కారును గురించియే. అది గుడ్డ టాపు గల చిన్న ఇంగ్లీషు కారు. పేరు మోరిస్ మైనరు. దానిని చేసినవారెవరు? అది మన దేశమునకు ఎట్లు దగ్గర చుట్టమైనది? నేడు దానిని అమ్మువారు అమ్ముచున్నదేమి, కొనువారు కొనుచున్నదేమి? ఈ ప్రశ్నలకు చరిత్రలో జవాబులు కలవు.

హైదరాబాదులో పాత ఇంగ్లీషు కారనగానే పలువురికి చౌమహల్లా ప్రాసాదములోని పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ జ్ఞప్తికి వచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కోరి చేయించిన కారు అది. కాని 1911లో ఆయన మరణించెను. కారు ఆయన కన్నులబడలేదు. సింహాసనము వంటి ఆసనముతో బార్కరు కంపెనీవారు దానిని అలంకరించిరి. చూచుటకే గాని తిరుగుటకు కాదన్నట్లు అది మిగిలిపోయినది. దానికి పూర్తిగా భిన్నమైనది మరియొక ఇంగ్లీషు వాహనము. 1932 జూనులో నిజాము రైలుశాఖవారు 27 ఆల్బియను బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిరి. సామాన్యులు మోటారుపై కూర్చుండి ఊరికి పోవుట ఆ బస్సులతో అలవాటైనది. రాజుగారి కారొకటి, ప్రజల బస్సొకటి. ఈ రెండింటి నడుమ వైద్యులు, వకీళ్ళు, దండు అధికారులు తమ జీతములతో కొనగలిగిన చిన్నకారు ఒకటి ఉండెను. ఆ చిన్నకారుకు దారి వేసినవారిలో ముఖ్యుడు విలియం మోరిస్.

విలియం మోరిస్ 1877లో ఇంగ్లాండునందలి వూస్టరు పట్టణమున జన్మించెను, పెరిగినది ఆక్స్‌ఫర్డులో. విశ్వవిద్యాలయములకు పేరొందిన ఊరిలో ఉండియు అతడు విశ్వవిద్యాలయపు గడప తొక్కలేదు. పదునైదవ ఏట సైకిళ్ళు బాగుచేయు దుకాణములో చేరెను. కొన్ని నెలల తరువాత జీతము పెంచమని అడిగి, లేదనిపించుకొని, బయటికి వచ్చెను. 1893లో చేతనున్న 4 పౌండ్లు పెట్టుబడిగా తన ఇంటనే సైకిళ్ళు బాగుచేయసాగెను. అతడు సొంతముగా కట్టిన మొదటి సైకిలు చాల పొడుగరియైన ఒక మతగురువు కొరకు. బజారులో దొరకు సైకిళ్ళు ఆయన కాళ్ళకు చాలవు. అందుచేత 27 అంగుళముల చట్రముతో ప్రత్యేకముగా కట్టియిచ్చెను. ఎదుటివాని కొలతకు వస్తువును సరిపెట్టుటయే ఆ పిన్నవాని మొదటి వ్యాపార పాఠము.

రెండవ పాఠము చేదైనది. కొందరితో కలిసి పెట్టిన సైకిలు, మోటారు వ్యాపారము 1904లో కూలిపోయెను. దుకాణపు సామాను వేలమునకు వచ్చినప్పుడు మోరిస్ అప్పు చేసి తన పనిముట్లను తానే వేలములో కొనుక్కొనెను. పనిముట్టు చేతనున్న మనిషి మరల లేవగలడని అతని నమ్మకము. ఆ నమ్మకము వమ్ము కాలేదు. ఆక్స్‌ఫర్డు లాంగ్‌వాల్ వీధిలో అతని గ్యారేజి వెలిసినది. బాడుగకు కార్లు, మరమ్మతులు, అమ్మకములు అన్నియు అక్కడనే.

1912లో తన పేరున కారు చేయ సంకల్పించినప్పుడు మోరిస్ ఒక క్రొత్త పద్ధతిని ఎన్నుకొనెను. ఇంజనొకరు, ఇరుసులొకరు, చక్రములొకరు చేయుదురు. వానినన్నిటిని కొని, జాగ్రత్తగా జోడించి, పరీక్షించి అమ్మువాడు తాను. ఆ సంవత్సరపు మోటారు ప్రదర్శనశాలకు ఇంజను సమయమునకు అందలేదు. అయినను నమూనా చిత్రములను మాత్రమే చూచి ఒక వర్తకుడు 400 కార్లకు ఆర్డరు ఇచ్చెను. 1913లో ముందుభాగము గుండ్రని ముట్టె వలె ఉన్న మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు రోడ్డెక్కెను. ఆక్స్‌ఫర్డు శివారున కౌలీలో కర్మాగారము నెలకొన్నది. 1914లో మోరిస్ అమెరికాకు పోయి, అక్కడి ఇంజన్లు ఎంత చౌకగా తయారగుచున్నవో చూచి వచ్చెను. 1915లో వెలువడిన కౌలీ కారులో అమెరికా ఇంజనునే అమర్చెను.

అతనికి నిజమైన పరీక్ష 1921లో ఎదురైనది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట వచ్చిన వ్యాపారమాంద్యములో కౌలీ కర్మాగారపు ఆవరణము అమ్ముడుపోని కార్లతో నిండిపోయెను. జనవరి నెలలో నూరు కార్లు కూడ పోలేదు. తోటి వ్యాపారులు పనివారిని తగ్గించుటకో, ధర పెంచుటకో ఆలోచించుచుండగా మోరిస్ నాలుగు సీట్ల కౌలీ ధరను ఒక్క దెబ్బకు 100 పౌండ్లు తగ్గించెను. 525 పౌండ్ల కారు 425 పౌండ్లకు వచ్చెను. కొన్ని వారములలో ఆవరణము ఖాళీ అయినది. ఆ యేటనే ధర మరల తగ్గించెను. 1925 నాటికి సంవత్సరమునకు 50,000కు మించి కార్లు కౌలీ నుండి వెలువడుచుండెను. చౌకధర వలన అమ్మకము పెరుగును, అమ్మకము పెరిగిన ఖర్చు తగ్గును; ఈ చక్రమును బ్రిటనులో తిప్పినవాడు మోరిస్.

ఈ నడుమ అతని పాత గ్యారేజి మరియొక పేరుకు జన్మనిచ్చెను. 1922 నుండి ఆ గ్యారేజిని నడిపిన సెసిల్ కింబరు మోరిస్ కార్లకే తేలికైన తొడుగులు తొడిగి, వడి పెంచి, మోరిస్ గ్యారేజెస్ అను మాటల మొదటి అక్షరములతో ఎం.జి. అను ముద్ర వేసెను. చిన్న స్పోర్ట్సు కార్లకు ఆ రెండక్షరములు లోకమంతట గుర్తయినవి. ఎం.జి. వారి అబింగ్డను కర్మాగారము 1980లో మూతబడెను. పేరు మాత్రము చేతులు మారి తుదకు చైనా కంపెనీకి చేరినది. 2019 నుండి మన దేశమున గుజరాతులోని హాలోలులో తయారైన కార్లు ఆ పేరుతో సికింద్రాబాదు వీధులలో తిరుగుచున్నవి. వానిని నడుపువారిలో ఎందరికి తెలియునో గాని, ఆ ముద్రలోని మొదటి అక్షరము ఆ సైకిలు మిస్త్రీ పేరే.

మోరిస్ 1934లో నఫీల్డు ప్రభువయ్యెను. సంతానము లేదు. సంపాదించినదానిలో పెద్దభాగము వైద్యమునకు, విద్యకు ధారపోసెను. 1937లో ఆక్స్‌ఫర్డులో నఫీల్డు కళాశాలకు పునాది వేసెను. 1943లో కోటి పౌండ్లతో నఫీల్డు ఫౌండేషను నెలకొల్పెను. 1938లో ఊపిరి ఆడని రోగులకు గాలి అందించు ఇనుప ఊపిరితిత్తుల యంత్రమును గూర్చి తెలిసికొని, కౌలీ కర్మాగారములో ఒక భాగమును అందుకు కేటాయించి, వేయికి పైగా యంత్రములను బ్రిటనులోను సామ్రాజ్యమంతటను గల ఆసుపత్రులకు ఉచితముగా పంపించెను. పోలియో పిల్లలను కబళించు రోజులవి. ఆ యంత్రములు మోటారు కార్ల శాలలో రేకులు వంచు చేతులతోనే తయారైనవి.

ఇక మైనరు కథ. రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న రోజులలోనే మోరిస్ కంపెనీ ఉపాధ్యక్షుడు మైల్స్ టామస్ ప్రోత్సాహముతో ఒక యువ ఇంజనీరు చిన్నకారు నమూనా గీయుచుండెను. అతని పేరు అలెక్ ఇసిగోనిస్. 1906లో టర్కీలోని స్మిర్నాలో జన్మించినవాడు. నమూనా రహస్యనామము దోమ అను అర్థమిచ్చు మస్కిటో. చిన్నకారు చౌకకారు కావచ్చును గాని నాసికారు కానక్కరలేదని ఇసిగోనిస్ పట్టుదల. చక్రములు చిన్నవి చేసి నాలుగు మూలలకు జరిపెను. లోపల చోటు పెరిగెను. ముందు చక్రములకు మెలితిరుగు కడ్డీలను స్ప్రింగులుగా అమర్చెను. పండ్ల కడ్డీతో తిరుగు స్టీరింగు పెట్టెను. మలుపులలో కారు చెప్పినట్లు వినెను.

అంతయు సిద్ధమైన తరుణమున ఇసిగోనిస్‌కు కారు ఇరుకుగా కనబడెను. నమూనా కారును నిలువున రెండు చెక్కలుగా కోయించి, ఒకదానికొకటి దూరము జరిపి చూచెను. నాలుగు అంగుళములు జరిపినప్పుడు కంటికి నిండుగా కనిపించెను. కాని అప్పటికే అచ్చులు సిద్ధమైయుండెను. అందుచేత బానెట్టు నడుమ ఒక చదునైన పట్టీ చేర్చిరి. మొదటి కార్లలో బంపరును నడుమకు కోసి, ఖాళీలో ముక్క అతికిరి. నేటికిని మైనరు బానెట్టుపై ఆ పట్టీని చూడవచ్చును. చివరి ఘడియలో చేసిన సర్దుబాటు ఆ కారుకు ముఖలక్షణమైపోయినది.

1948 అక్టోబరులో లండను ప్రదర్శనశాలలో మైనరు వెలువడెను. మూతగల సెలూను, గుడ్డ టాపు గల టూరరు రెండును ఒక్కమారే వచ్చినవి. నఫీల్డు ప్రభువుకు ఆ కారు ఏమాత్రము నచ్చలేదు. పెంకు తీసి నీటిలో ఉడికించిన గుడ్డు వలె ఉన్నదని అతడు ఎగతాళి చేసెనని చెప్పుదురు. కొనువారు అట్లు తలపలేదు. మొదట 918 సి.సి. పాత ఇంజనుతో నడిచిన మైనరునకు, 1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటారు కార్పొరేషనుగా ఏర్పడిన పిమ్మట, ఆస్టిన్ వారి 803 సి.సి. ఇంజను వచ్చెను; 1956లో 948, 1962లో 1098 సి.సి. ఇంజన్లు అమర్చిరి. 1960 చివర పదిలక్షలవ మైనరు తయారయ్యెను. బ్రిటనులో ఆ లెక్క అందుకొన్న మొదటి కారు అదియే. ఆ సంబరమునకు లేత ఊదారంగు పూసిన మూడువందలకు పైగా కార్లు ప్రత్యేకముగా విడుదల చేసిరి. గుడ్డ టాపు కారు తయారీ 1969లోను, మిగిలిన మైనర్ల తయారీ ఆ తరువాత రెండు మూడేండ్లలోను ఆగిపోయెను. లెక్క అప్పటికి 16 లక్షలు. యజమానికి నచ్చని కారే యజమాని పేరును ఇంటింటికి చేర్చినది.

ఈ వంశము మన దేశమునకు ఎట్లు వచ్చినది? 1942లో బిర్లాలు హిందూస్థాన్ మోటార్స్ స్థాపించి, గుజరాతు తీరమున ఓఖా రేవులో మోరిస్ టెన్ కారును హిందూస్థాన్ టెన్ అను పేర జోడింపసాగిరి. 1948లో కర్మాగారము కలకత్తా వద్ద ఉత్తరపారాకు మారెను. స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలములోనే పూర్తిగా తయారైన కార్ల దిగుమతిపై ప్రభుత్వము కట్టడి విధించెను. 1953లో టారిఫు కమిషను, ఇక్కడ విడిభాగములు తయారుచేయక జోడించుటతోనే సరిపెట్టు కంపెనీలకు చోటు లేదని సిఫారసు చేసెను. అమెరికా కంపెనీలు వెడలిపోయినవి. మోరిస్ నమూనాలతో పనిచేయుచున్న హిందూస్థాన్ మోటార్స్ నిలిచెను. మోరిస్ మైనరు ఇక్కడ బేబీ హిందూస్థాన్ అయ్యెను. రెండవ వరుస మోరిస్ ఆక్స్‌ఫర్డు ల్యాండ్‌మాస్టరు అయ్యెను. మూడవ వరుస ఆక్స్‌ఫర్డు 1957-58 ప్రాంతమున అంబాసిడరు అయ్యెను.

అంబాసిడరు సంగతి మన శ్రోతలకు చెప్పనక్కరలేదు. సచివాలయపు ద్వారమున నిలిచినది అదియే, పెండ్లికుమారుని ఊరేగించినది అదియే, టాక్సీ స్టాండున పసుపు టాపుతో కనిపెట్టుకొని యున్నది అదియే. 2014 మేలో ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయెను. ఇంగ్లాండులో మోరిస్ పేరుగల చివరి కారు 1984లోనే ముగిసినది. అనగా మోరిస్ నమూనా పుట్టినింట అంతరించిన ముప్పది యేండ్ల వరకు మెట్టినింట బ్రదికినది. అది కారు గొప్పతనము మాత్రమే కాదు. ప్రతి తాలూకా కేంద్రమునందును దానిని విప్పి బిగింపగల మిస్త్రీ ఉండుట దానికి అసలు బలము.

ఇప్పుడు అల్వాల్‌కు మరలుదము. అక్కడ ఒక ఇంట టూరరు మైనరు అమ్మకమునకు ఉన్నదని విని మేము చూడబోయితిమి. ఇల్లు బిల్డరునకు ఇచ్చినారు. నెలలోగా ఖాళీ చేయవలెను. షెడ్డులో కారు ఇటుకలపై నిలిచియున్నది. కాగితములలో 1949 అని యున్నది. దీపములు జాలీలో క్రిందుగా అమర్చియున్నవి; అద్దము నడుమ చీలియున్నది; బానెట్టుపై పట్టీ, బంపరులో అతుకు ఉన్నవి. తొలికాలపు గుర్తులన్నియు సరిపోయినవి. ఆపై మరియొక చరిత్ర కంటబడెను. టాపు గుడ్డ లారీ టార్పాలినులు కుట్టువాని చేతి కుట్టు. బ్రేకు పైపులు సిలోను నుండి కావు, కావెంట్రీ నుండి కావు, రాణిగంజులో వంచినవి. తలుపు కీలు ఏ లేతుపైననో తిప్పిన ఇత్తడి. కర్మాగారమున పుట్టినవి ఎన్ని, సికింద్రాబాదులో పుట్టినవి ఎన్ని అని లెక్కించిన సగపాలు మన వైపే తేలునట్లున్నది.

కారును అడుగవచ్చినవారు అప్పటికి ముగ్గురు. ఒకరు తమ హోటలు ముంగిట పూలకుండీల నడుమ నిలుపుటకు అడిగిరి. వారికి ఇంజనుతో పనిలేదు. రెండవవారు విడిభాగములుగా అమ్ముకొనువారు. వారు చెప్పిన ధర తక్కువ, కాని మరునాడే తీసికొనిపోవుదుమనిరి. మూడవవాడు ఒక యువకుడు. నడుపవలెనని కోరిక, కాని సొమ్ము వాయిదాలలో ఇత్తుననెను. హోటలువారి ధరయే అందరికంటె హెచ్చు. పిల్లలు విదేశమున ఉన్నారు. త్వరగా తేల్చుమని వారి తొందర. ఇంటి పెద్దావిడ మాత్రము మాతో ఒక మాట అనెను: "నిలబెట్టి చూసుకునేవాళ్ళకి కాదు బాబూ, నడిపేవాళ్ళకి ఇవ్వాలని ఆయన అంటూండేవారు. ఆయన మాటా నిలవాలి, నెలలో ఇల్లూ ఖాళీ కావాలి. ఎట్లా?" మేము ఈ ప్రసంగము వ్రాయునాటికి బేరము తెగలేదు.

ఇట్టి కారు కొనదలచినవారికి చరిత్ర కొన్ని మెలకువలు నేర్పును. మైనరునకు వేరుగా చట్రము లేదు, ఒళ్ళే చట్రము. అట్టి కారులో పైకప్పు కూడ బలమునిచ్చు భాగమే. గుడ్డ టాపు కారులో ఆ బలము ఉండదు గనుక కర్మాగారములోనే నేలరేకులకు, తలుపుల క్రింది పెట్టెలకు అదనపు ఉక్కు వేసిరి. టాపు కారునకు గిరాకి హెచ్చు. అందుచేత సెలూను పైకప్పును కోసి గుడ్డ కప్పి టూరరని చెప్పువారు కలరు. అట్టి కారులో నలుగురు కూర్చుండినచో నడుము వంగును, తలుపులు పట్టుకొనును. తరువాతి కాలపు కార్లలో చాసిస్ ఫలకముపై అంకెలకు ముందు ఎం.ఏ.టి. అను అక్షరములున్న అది పుట్టుటూరరు. తలుపుల క్రింద, వెనుక స్ప్రింగులు తగులుకొనుచోట తుప్పును సుత్తెతో మెల్లగా తట్టి చూడవలెను. ముందు చక్రములు తిరుగు కీలుకు తరచు గ్రీజు పెట్టవలెను; పెట్టనిచో అది అరిగి, ఒకనాడు చక్రము కారు క్రిందికి మడతపడును. మైనరు ఎంత ఓర్పుగలదైనను ఆ ఒక్క ఉపేక్షను క్షమింపదు.

చట్టము కూడ తెలిసికొనవలెను. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పాతకాలపు వాహనములకు ప్రత్యేక నియమములు వెలువరించెను. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు గడచి, మూలరూపము చెడక యున్న రెండు చక్రముల, నాలుగు చక్రముల వాహనములను ఈ తెగలో నమోదు చేయవచ్చును. నంబరులో వి.ఏ. అను అక్షరములు వచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏండ్లు చెల్లును. పునరుద్ధరణకు 5,000 రూపాయలు. అట్టి కారును అమ్మవచ్చును, కొనవచ్చును; ఇరువురును 90 దినములలో రవాణాశాఖకు తెలియజేయవలెను. ప్రదర్శనలకు, పాతకార్ల ఊరేగింపులకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు నడుపవచ్చును. నిత్యము ఆఫీసునకు పోవుటకుగాని, బాడుగకుగాని నడుపరాదు. మూలరూపమనునది ముఖ్యమైన మాట. నవీనమైన ఇంజను దూర్చి, ఒళ్ళు మార్చి, మెరుగులు దిద్దిన కారు ఎంత అందగించినను ఈ గౌరవమునకు తగకపోవచ్చును.

ఇక ధర సంగతి. పాతకారు ధరను దాని ఏండ్లు నిర్ణయింపవు; నడచునా లేదా అనునదియు పూర్తిగా నిర్ణయింపదు. దానిని నడుచునట్లు నిలుపగల చేతులు ఎన్ని మిగిలినవనునదే చివరకు నిర్ణయించును. ఇంగ్లాండులో మైనరు అభిమానుల సంఘములు కలవు. విడిభాగములు మరల తయారగుచున్నవి. శ్రీలంకలో మైనర్లు పెక్కు ఉండుటచేత అక్కడ కూడ వాని విడిభాగములు చేయు పరిశ్రమ పుట్టెను. మన ఊళ్ళలో స్థితి వేరు. రాణిగంజు దుకాణములలో క్రొత్తకార్ల సరకే గాని మైనరు సరకు అరుదు. కార్బురేటరు శబ్దము విని రోగము చెప్పగల మిస్త్రీలు వృద్ధులైరి. వారి కుమారులు కంప్యూటరు తగిలించి లోపము చదువు నేటి పని నేర్చిరి. అది తప్పు కాదు, తిండి పెట్టు పని అదియే. కాని రేకును సుత్తెతో మలచు టింకరింగు పనివాడు, ఇత్తడిముక్కను లేతుపై తిప్పి కీలు చేయు పనివాడు తమ విద్యను ఎవరికిని అప్పగింపక పోయినచో, షెడ్డులలోని కార్లన్నియు ఒక్కొక్కటిగా హోటళ్ళ ముంగిటికి చేరును.

చరిత్రను వెనుదిరిగి చూచిన ఒక సంగతి తోచును. మోరిస్ కంపెనీ 1952లో ఆస్టిన్‌తో కలిసెను. 1968లో ఆ కలయిక బ్రిటిష్ లేలాండులో మునిగెను. 1984లో పేరే పోయెను. కౌలీ కర్మాగారములో 2001 నుండి జర్మను కంపెనీవారు మినీ కారు చేయుచున్నారు. నఫీల్డు ప్రభువు 1963లోనే గతించెను. ప్రభువులు, కంపెనీలు, పేర్లు, అన్నియు మారినవి. ఆ పెద్దపేరుతో ఏ సంబంధము లేని ఊళ్ళలో, ఏ పుస్తకమున పేరెక్కని మిస్త్రీలు బాగుచేయగా బాగుచేయగా ఆ కార్లు మాత్రము నడచుచునే యున్నవి. కారు తయారగుటకు ఒకదినము పట్టవచ్చును. అది డెబ్బదియేండ్లు బ్రదుకుటకు డెబ్బదియేండ్ల మరమ్మతు కావలెను.

కావున పాతకారును అమ్ము శ్రోతలకు మా మనవి ఒకటి. తాళముతో పాటు రిజిస్ట్రేషను పుస్తకమును, మూల బిగాలుచ్చులను, షెడ్డు మూలనున్న పాత పానాల డబ్బాను, అన్నింటికంటె ముఖ్యముగా దానిని ఇన్నేండ్లు చూచిన మిస్త్రీ పేరును, చిరునామాను కొనువారికి ఒప్పగింపుడు. కొనువారు కారును ఇంటికి తెచ్చుకొనుటకు ముందు ఆ మిస్త్రీ ఇంటికి పోయి, ఆయన ప్రక్కన ఒక ఆదివారము కూర్చుండి, గ్రీజు ఎక్కడ పెట్టవలెనో, ఏ చప్పుడునకు భయపడవలెనో, ఏ చప్పుడును పట్టించుకొననక్కరలేదో వ్రాసికొనుడు. చేతనైన ఒక కుఱ్ఱవానిని వెంటబెట్టుకొని పోయిన మరియు మేలు. 1904లో అప్పుచేసి తన పనిముట్లను తాను వేలములో కొనుక్కొన్న ఆ సైకిలు మిస్త్రీకి ఈ మాటలోని అర్థము వేరుగా చెప్పనక్కరలేకపోవును.